పలకపాలెం బడిలో నవ్వు శాతం

ప్రభుత్వానికి పిల్లల మీద ప్రేమ పొంగుకొచ్చినప్పుడల్లా పంతుళ్ళకు చాకిరీ పెరుగుతుంది. ఆ ఏడాది జూన్‌లో పొంగిన ప్రేమకు 'హర్ష విద్య' అని పేరు పెట్టారు. పిల్లలు ఎక్కాలూ, దేశాల రాజధానులూ బట్టీ పట్టి కుమిలిపోతున్నారనీ, ఇకమీదట ఏ బిడ్డా ఏడో ఎక్కాన్ని దిగులు మొహంతో నేర్చుకోవడానికి వీల్లేదనీ, సమస్తమూ సరదా క్విజ్‌ల ద్వారానే సాగాలనీ పదకొండు పేజీల ఉత్తర్వు దిగింది. ఆ పదకొండు పేజీల్లో సరదా అన్న మాట నలభై మూడుసార్లు వచ్చింది గానీ, చదివిన వాళ్ళకు ఒక్కసారి కూడా కలగలేదు.

పలకపాలెం ఏకోపాధ్యాయ పాఠశాలకు ఆ ఏకైక పంతులమ్మ మేడికొండ సువార్తమ్మ. పలకరాయి గనుల పక్కన యాభై గడపల ఊరు అది. మొగవాళ్ళు గనుల్లో రాయి తీస్తారు, ఆడవాళ్ళు షెడ్లలో పలకలకు చట్రాలు బిగిస్తారు. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ ఒకే గదిలో, మొత్తం పందొమ్మిది మంది పిల్లలు. సువార్తమ్మ ఆ ఉత్తర్వు చదివి నిజంగానే సంతోషించింది. ఎందుకంటే పదేళ్ళుగా ఆమె శనివారం మధ్యాహ్నం చేస్తున్న పని అదే. పిల్లల్ని రెండు జట్లు చేసి, ఎక్కాల మీదా రాజధానుల మీదా పోటీ పెట్టేది. గెలిచిన జట్టు బడిగంట కొట్టాలి. ఆ గంట కోసం పిల్లలు వారమంతా ఇంటి అరుగుల మీద కూచుని, 'ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు' అని రాగం తీసేవాళ్ళు.

"ఇన్నాళ్ళకు పైవాళ్ళకు బుద్ధి పుట్టింది" అనుకుంది సువార్తమ్మ. ఉత్తర్వు చివరి పేజీ దాకా చదవకుండా ఏ పంతులమ్మా అలా అనుకోకూడదు.

చివరి పేజీలో కొలత ఉంది. సరదా కలిగిందని నోటిమాటగా చెబితే ప్రభుత్వం నమ్మదు. అందుకని క్విజ్ జరుగుతున్నంతసేపూ టీచరు తన ఫోను పిల్లలకు ఎదురుగా నిలబెట్టాలి. అందులో పెట్టించిన 'హర్షమిత్ర' యాప్ పిల్లల నవ్వుల చప్పుడు వింటుంది, కనిపించిన పళ్ళు లెక్కపెడుతుంది, వెంటనే నూటికి ఇంత అని ఆనంద సూచిక చెప్పేస్తుంది. ఆ సూచిక మూడు నెలల పాటు అరవై దాటని బడిని 'ఆనందరహిత పాఠశాల'గా ప్రకటించి, దగ్గర్లోని ఆనంద పాఠశాలలో విలీనం చేస్తారు.

పలకపాలేనికి దగ్గర్లోని బడి ఆరు కిలోమీటర్ల అవతల మండల కేంద్రంలో ఉంది. మధ్యలో రాళ్ళ లారీలు తిరిగే పెద్దరోడ్డు. ఆరేళ్ళ బిడ్డల్ని ఆ రోడ్డు మీద ఎవరూ నడిపించరు. బడి మూతపడితే చిన్నవాళ్ళు ఇళ్ళ దగ్గర మట్టిలో ఆడుకుంటారు, కాస్త ఎదిగిన ఆడపిల్లలు తల్లుల వెంట షెడ్లకు పోతారు. ఇది సువార్తమ్మకు తెలుసు. తెలియాల్సిన వాళ్ళకు తెలీదు.

మొదటి శనివారం బ్రహ్మాండంగా గడిచింది. "బుర్కినా ఫాసో దేశానికి రాజధాని ఏది?" అని అడిగి, ఎవరికీ తెలియకపోతే, "వాగడూగూ" అని సువార్తమ్మే చెప్పింది. పందొమ్మిది మందీ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒకటో తరగతి పిల్లడు 'వాగడూగూ, వాగడూగూ' అంటూ గది చుట్టూ పరిగెత్తాడు. హర్షమిత్ర ఎనభై ఒకటి చూపించి, తెర మీద నాలుగు బెలూన్లు ఎగరేసింది.

రెండో శనివారం అదే ప్రశ్న అడిగితే పందొమ్మిది మందీ ఒక్క గొంతుతో "వాగడూగూ" అన్నారు. ఒక్కరూ నవ్వలేదు. తెలిసిపోయినదానికి ఎవరు నవ్వుతారు? ఎక్కాల దగ్గర మరీ అన్యాయం. ఐదో తరగతి కెజియా ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేసి, తర్వాతది ఏమిటన్నట్టు చూసేది. ఆ పిల్లకు పందొమ్మిదో ఎక్కం దాకా కొట్టిన పిండి. సూచిక పద్నాలుగు. కింద ఎర్ర అక్షరాల్లో ఇంకో మాట కూడా వచ్చింది: 'ముందు వరుసలో పళ్ళ లభ్యత తక్కువగా ఉన్నది.' ముందు వరుసలో కూర్చునేది ఒకటి, రెండు తరగతుల వాళ్ళు. ఆ వయసులో పాలపళ్ళు ఊడతాయన్న సంగతి రాష్ట్రస్థాయిలో ఎవరికీ తట్టినట్టు లేదు.

రెండు నెలలు తిరిగేసరికి మండల విద్యాధికారి గోవర్ధనంగారి నుంచి కబురొచ్చింది. ఆయన మర్యాదస్తుడు. ఎవరి ఉద్యోగానికి ఎసరు పెడుతున్నా ముందు మంచినీళ్ళు ఇప్పిస్తాడు.

"కూర్చోండి సువార్తమ్మగారూ. మీ బడి ఆనంద నివేదిక చూశాను. క్షేత్రస్థాయిలో ఆనందం ఆందోళనకరంగా ఉంది."

"పిల్లలు బాగానే చదువుతున్నారు సార్. అడిగినవాటికన్నిటికీ జవాబులు చెప్తున్నారు."

"అదేనమ్మా సమస్య." గోవర్ధనం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ పిల్లలు అడగ్గానే కరెక్టుగా చెప్పేస్తున్నారు. ఉత్కంఠ లేదు, తడబాటు లేదు, ఆశ్చర్యం లేదు. ఇంక నవ్వెక్కణ్ణించి వస్తుంది? అదే సింగరాయిపల్లె చూడండి. తొంభై ఎనిమిది శాతం! జపాన్ రాజధాని ఏది అంటే ఒక విద్యార్థి 'జామకాయ' అన్నాడు. క్లాసంతా దొర్లి దొర్లి నవ్వింది. ఆ వీడియో డైరెక్టరుగారి దాకా వెళ్ళింది."

"ఆ పిల్లడికి టోక్యో అని తర్వాత చెప్పారా సార్?"

"చెబితే వచ్చేవారం ఆనందం తగ్గదూ?" అన్నాడు గోవర్ధనం, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు. "ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని, మండలంలో మీ బడి ఒక్కటే ఇట్లా ఉంది. కొంచెం ఆలోచించండి."

ఆలోచించే శ్రమ ఆమెకు లేకుండా శాఖే ఆలోచించింది. పదిరోజుల్లో రెండో ఉత్తర్వు వచ్చింది: 'క్విజ్‌లో అడుగు ప్రశ్నలకు జవాబులు ముందుగా బోధించుట వలన విద్యార్థుల సహజ ఆనందమునకు భంగము కలుగుచున్నందున, అట్టి బోధనను తక్షణమే నిలిపివేయవలెను.' దాని మీద ఎవరో బుద్ధిమంతుడైన హెడ్మాస్టరు, ఏ ప్రశ్నలు అడుగుతారో ముందుగా తెలియదు కదా, మరి ఏవి చెప్పకూడదు అని సందేహం వెలిబుచ్చాడు. దానికి సమాధానంగా మూడో ఉత్తర్వు: 'ఏ ప్రశ్నలు అడుగుదురో ముందుగా తెలియు అవకాశము లేనందున, ఏ జవాబునూ బోధించరాదు.'

సువార్తమ్మకు విడిగా ఒక మెమో కూడా వచ్చింది. 'తమ పాఠశాల విద్యార్థులు పలుమార్లు సరైన జవాబులు చెప్పుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. ఇందుకుగాను తమపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.' ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆమె అందుకున్న మొదటి మెమో అది. ఇకమీదట జరగకుండా చూసుకుంటానని రాసిచ్చింది. రాసిచ్చినందుకు ఆ రోజంతా ఆమెకు అన్నం సయించలేదు.

గడువు మూడు వారాలుంది. ఆమె చేయని ప్రయత్నం లేదు. పొడుపుకథలు చెప్పింది, కోతిలా గెంతింది, మొహానికి సుద్ద పూసుకుంది. పిల్లలు కంగారుపడి, "మేడానికి ఒంట్లో బాగలేదు" అని నీళ్ళు తెచ్చిచ్చారు. పోనీ ఊరికే నవ్వండిరా అని బతిమాలితే అందరూ 'హహహ' అని ఎక్కం చదివినట్టు నవ్వారు. హర్షమిత్ర ఊరుకుంటుందా? 'కృత్రిమ హాసము గుర్తించబడినది. అయిదు శాతము తగ్గించడమైనది' అంది.

ఇక మిగిలిన దారి ఒక్కటే. ఒకరోజు బడి వదిలాక కెజియాను ఆపింది.

"కెజియా, రేపు క్విజ్‌లో ఏడెనిమిదులు ఎంత అని అడుగుతానమ్మా. నువ్వు యాభై నాలుగు అని చెప్పాలి."

"యాభై ఆరు గదా మేడం."

"యాభై ఆరే. కానీ రేపొక్కరోజుకు యాభై నాలుగు అను. అందరూ నవ్వుతారు. నవ్వితే మన బడి ఉంటది."

"తప్పని తెలిసి ఎట్టా చెప్పేది మేడం? మొన్న చిన్నోడు తప్పు చెప్తే, మళ్ళీ చదవరా అని మీరే గదా పదిసార్లు చదివించారు? ఇప్పుడు నేను చెప్తే వాడేమనుకుంటాడు?"

సువార్తమ్మకు తల కొట్టేసినట్టయింది. పదేళ్ళ పిల్లకున్న పాటి వెన్నెముక, ప్రభుత్వం దగ్గర జీతం తీసుకుంటున్న తనకు లేకపోయిందే అనిపించింది. "వద్దులే తల్లీ, ఎంతయితే అంతే చెప్పు" అని పంపేసింది. మర్నాడు సూచిక తొమ్మిది.

విలీనానికి ముందు ఒక తనిఖీ చేయాలని నిబంధన ఉంది. దానికోసం రాజధాని నుంచి జాయింట్ డైరెక్టరుగారే దిగాడు. ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా, మెళ్ళో 'హర్ష విద్య – నవ్వుతూ నేర్చుకుందాం' అన్న బిళ్ళ. వెనక గోవర్ధనం, చేతిలో దండ. షెడ్ల నుంచి నలుగురైదుగురు తల్లులు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడ్డారు. వాళ్ళ చేతులకింకా రాయిపొడి అంటుకునే ఉంది.

"ఆనందం అనేది ఒక బహుముఖీన అభ్యసన ఫలితం" అని మొదలుపెట్టాడు జె.డి.గారు. పావుగంట అయ్యాక ముగించాడు. ఈలోగా ఒకటో తరగతి మొత్తం నిద్రపోయింది. తర్వాత ఆయన తన ఫోను, గోవర్ధనం ఫోను, సువార్తమ్మ ఫోను, మూడింటినీ మూడు దిక్కులా నిలబెట్టించి తానే ప్రశ్నలు వేశాడు. పిల్లలు ఒక్కటీ తప్పలేదు. మంగోలియాకు ఉలాన్ బాటర్ అన్నారు. తొమ్మిదారులు యాభై నాలుగు అన్నారు. ప్రతి జవాబుకూ జె.డి.గారి మొహం ఇంకాస్త మాడింది. సూచిక పదకొండు దగ్గర ఆగింది.

"చాలా విచారకరం" అన్నాడాయన. "గోవర్ధనంగారూ, విలీన పత్రాలు తెచ్చారా?"

కిటికీ దగ్గర కెజియా తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు కెజియా చెయ్యి ఎత్తింది.

"సార్, క్విజ్ అంటే రెండు జట్లు గదా? మీ జట్టు అడిగింది. ఇప్పుడు మా జట్టు అడగాల."

ఇది ఉత్తర్వులోనే ఉంది. ఆరో పేజీ, 'పరస్పర ప్రశ్నా విధానము'. తాను సంతకం చేసిన కాగితాన్ని కాదనలేక జె.డి.గారు చిరునవ్వుతో తలూపాడు. "అడుగమ్మా, అడుగు."

"పదిహేడు ఎనిమిదులు ఎంత సార్?"

జె.డి.గారి చిరునవ్వు అలాగే ఉంది గానీ దాని వెనక మనిషి లేడు. చెయ్యి జేబులోకి వెళ్ళింది. జేబులో ఫోను లేదు, నవ్వులు కొలుస్తోంది. గోవర్ధనం వైపు చూశాడు. గోవర్ధనం పైకప్పు పెంకులు లెక్కపెడుతున్నాడు.

"అది… పదిహేడు ఎనిమిదులు అనేది సాంకేతికపరమైన అంశం. సుమారుగా… నూట ఇరవై…" జె.డి.గారు వీపు వెనక వేళ్ళు మడిచాడు. "నూట ఇరవై నాలుగు!"

మొదట ఒకటో తరగతి పిల్లడు కిసుక్కుమన్నాడు. వెంటనే రెండో తరగతి.

"కాదు సార్, నూట ముప్పై ఆరు" అంది కెజియా చాలా మర్యాదగా. "పోనీ మీ జట్టులో ఆ సార్ని అడుగుతా. బుర్కినా ఫాసో రాజధాని ఏంది సార్?"

గోవర్ధనం పెంకుల మీంచి చూపు దించి, గొంతు సవరించుకుని, "ఆఫ్రికా" అన్నాడు.

ఇక ఆపడం ఎవరి తరం కాలేదు. పందొమ్మిది మందీ పలకలు చరుస్తూ, ఒకళ్ళమీద ఒకళ్ళు పడుతూ నవ్వారు. కిటికీ దగ్గర తల్లులు కూడా, అధికారుల్ని చూసి నవ్వకూడదన్న భయం మరిచిపోయి పగలబడ్డారు. సువార్తమ్మ పెదవి కొరుక్కుని గోడవైపు తిరిగింది. మూడు ఫోన్లలోనూ నూరుకు నూరు. తెరలు పట్టనన్ని బెలూన్లు.

ఇంకో మనిషయితే సిగ్గుతో చచ్చేవాడు. జె.డి.గారు ముందు ఎర్రబడ్డాడు, తర్వాత ఫోను చూశాడు, ఆ తర్వాత వెలిగిపోయాడు. "నూరు శాతం! రాష్ట్రంలో ఇదే మొదటిసారి! గోవర్ధనంగారూ, మనం సాధించాం!" అని, గోవర్ధనం తెచ్చిన దండ తీసుకుని తన మెళ్ళో తానే వేసుకున్నాడు.

వారం తిరక్కుండా నాలుగో ఉత్తర్వు వచ్చింది. దానికి 'పలకపాలెం నమూనా' అని పేరు. ప్రతి శనివారం ప్రతి పాఠశాలకూ ఒక అధికారి వెళ్ళి విద్యార్థుల ప్రశ్నలకు జవాబు తెలియక నిలబడవలెను. తెలిసి తెలియనట్టు నటించరాదు, నటనను హర్షమిత్ర గుర్తించును. ఈ అమలులో శాఖకు ఎక్కడా సిబ్బంది కొరత రాలేదని చెప్పుకోవాలి.

బడి నిలబడినందుకు సువార్తమ్మ పిల్లలకు బెల్లపు పొంగలి వండి పెట్టింది. ఆ గిన్నె ఇంకా కడగకముందే ఆమె పేర ఇంకో ఆర్డరు వచ్చింది. 'సదరు ఉపాధ్యాయిని విశిష్ట సేవలను రాష్ట్రమంతటికీ వినియోగించుకొనుటకై' ఆమెను ఆ విద్యా సంవత్సరం ముగిసేదాకా డిప్యుటేషన్ మీద జిల్లా శిక్షణ కేంద్రానికి పంపారు. ఆమె పరిగెత్తుకుంటూ గోవర్ధనం దగ్గరికి పోయింది.

"ఉన్నది నేనొక్కదాన్నే సార్. నేను పోతే బడి ఎట్టా?"

"మీ బడి నూరు శాతంలో ఉంది కదమ్మా. నూరు శాతంలో ఉన్న బడికి టీచరెందుకు? వాచ్‌మన్ తలుపు తీస్తాడు, శనివారాలు నేను వస్తాను." గోవర్ధనం ఆమెకు మంచినీళ్ళు ఇప్పించాడు.

ఏడాది చివరిదాకా సువార్తమ్మ జిల్లా కేంద్రంలో అధికారులకు తెల్లమొహం వేయడంలో మెలకువలు చెప్పింది. చెప్పాల్సిన అవసరం అట్టే పడలేదు. ప్రతి శనివారం ఆమె ఫోనుకు పలకపాలెం సూచిక వచ్చేది. నూరు, నూరు, నూరు. బడికి జ్ఞాపిక వచ్చింది, గోవర్ధనానికి ప్రమోషన్ వచ్చింది.

మళ్ళీ జూన్‌లో ఆమె తిరిగొచ్చింది. కెజియా హైస్కూలుకు వెళ్ళి హాస్టల్లో చేరిందట. రెండో తరగతిలో వదిలి వెళ్ళిన హన్నా ఇప్పుడు మూడు. ఆనాడే ఆ పిల్ల ఐదో ఎక్కం గడగడా చెప్పేది. సువార్తమ్మ దాన్ని దగ్గరికి తీసుకుని అడిగింది.

"ఐదారులు ఎంతమ్మా?"

హన్నా ఆమె మొహంలోకి చూసి పకపకా నవ్వింది. ఆ నవ్వు వినగానే గదంతా నవ్వింది. పలకలు చరిచారు, ఒకళ్ళమీద ఒకళ్ళు పడ్డారు. వాళ్ళకు అలవాటైన పనిలా, వరసలు తప్పకుండా.

"ఎందుకే ఆ నవ్వు? జవాబు చెప్పు!"

"తెలీదు మేడం" అంది హన్నా కళ్ళు తుడుచుకుంటూ. "పెద్దసారు తెలీదంటే నవ్వేవాళ్ళం గదా. ఇప్పుడు మాకే తెలీదు. అందుకని మమ్మల్ని చూసి మేమే నవ్వుకుంటన్నాం."

బల్ల మీద ఫోను నూరు చూపిస్తోంది. సువార్తమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది, దాని వెనకే కోపం. ఈ బడి మూతపడకుండా కాపాడానని ఇన్నాళ్ళుగా గర్వపడుతూ ఉంది. తలుపులు తీసి ఉన్నాయి, చదువు ఎప్పుడో మూతపడింది. నవ్వుకోవడానికే అయితే ఈ పిల్లలు షెడ్లో కూచుని కూడా నవ్వుకోవచ్చు, దానికి బడెందుకు?

"చాల్లే నవ్వింది. పలకలు తీయండి" అంది. "రెండొకట్ల రెండు."

మొదటి రెండు రోజులు పిల్లలు రెండు రెళ్ళ దగ్గరా నవ్వారు, రెండు మూళ్ళ దగ్గరా నవ్వారు. మూడోరోజు ఎవరూ నవ్వలేదు. తొమ్మిదోరోజు హన్నా ఐదో ఎక్కం ఎక్కడా ఆగకుండా చివరిదాకా చెప్పి, తన గొంతు తానే విన్నట్టు ఒక్కక్షణం నిలబడి, పెదాలు విప్పకుండా ఒక చిన్న నవ్వు నవ్వింది. పళ్ళు కనపడలేదు కాబట్టి హర్షమిత్ర దాన్ని లెక్కలో వేసుకోలేదు. సూచిక సున్నా.

సోమవారానికల్లా మెమో వచ్చింది. రాష్ట్రానికే నమూనా అయిన పాఠశాలలో ఆనందము ఆకస్మికముగా పడిపోవుటకు గల కారణమును మూడు దినములలో తెలుపవలెను, లేనిచో విలీనము. సువార్తమ్మకు మూడు దినాలు అక్కర్లేకపోయింది. మెమో తెచ్చిన మనిషి ఎదురుగానే కాగితం తీసుకుని, కారణము అన్నచోట రాసింది:

'పిల్లలకు జవాబులు తెలియడం మొదలైనందున.'

కింద సంతకం చేసి, తేదీ వేసి, ఆరో ఎక్కం చెప్పడానికి లోపలికి వెళ్ళింది.